చలనచిత్రములలో బాలికా క్రీడాచరిత్ర : ‘ది మైటీ మాక్స్’ పరిశీలనము

ఇతివృత్తము ప్రఖ్యాతమని, ఉత్పాద్యమని, మిశ్రమని మూడు విధములుగా నుండునని మన లాక్షణికులు చెప్పిరి. ఇతిహాసాదులనుండి గ్రహింపబడినది ప్రఖ్యాతము. కవి స్వయముగా కల్పించుకొన్నది ఉత్పాద్యము. ఈ రెంటి కలయిక మిశ్రము. రూపకములకై యేర్పడిన ఈ విభాగము నేటి చలనచిత్రములకును చక్కగ అన్వయించును. బాలికల క్రీడలను గూర్చిన చిత్రములనే తీసికొందము. 2019లో వెలువడిన తెలుగు చిత్రము ‘కౌసల్య కృష్ణమూర్తి’ యందలి కథ, క్రికెట్ క్రీడాకారిణి కాగోరిన ఒక రైతుబిడ్డ కథ, ఉత్పాద్యము. 2016 నాటి హిందీ చిత్రము ‘దంగల్’ జీవించియున్న వ్యక్తుల పేర్లతోనే నడచినది గనుక ప్రఖ్యాతమును ఆశ్రయించినది. 2011లో అమెరికాలో విడుదలయిన ‘ది మైటీ మాక్స్’ అను చిత్రమున శిక్షకురాలి పేరు, కళాశాల పేరు, గెలిచిన పోటీ యథార్థములు. పెక్కు పాత్రలు, సన్నివేశములు కల్పితములు. ఇది మిశ్రము.

ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఈ మూడవ జాతిని గూర్చి. చరిత్రనుండి కథను గ్రహించిన కళాకారుడు దానిని ఎంతవరకు మార్పవచ్చును? ఏ మార్పు గుణము, ఏ మార్పు దోషము? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. భారతమునందలి శకుంతలోపాఖ్యానమున దుర్వాసశాపము లేదు; ఉంగరము లేదు. దుష్యంతుడు ఎరిగియు ఎరుగననెను. కాళిదాసు శాపమును కల్పించి నాయకుని ఆ దోషమునుండి తప్పించెను. భవభూతి మహావీరచరితమున వాలి రావణుని పక్షమున రామునిపైకి యుద్ధమునకు వచ్చి మరణించును. మాయురాజు ఉదాత్తరాఘవమున వాలిని చాటుననుండి వధించుటను విడిచిపుచ్చెనని దశరూపక వ్యాఖ్యాత ధనికుడు ఉదాహరించెను. రసమునకు అనుగుణము కాని కథాభాగమును త్యజించి, అనుగుణమయినదానిని కల్పించుకొనుటకు ఆనందవర్ధనుడును అనుమతించెను. అట్లయ్యు, రామాయణాదుల విషయమున స్వేచ్ఛగా రసవిరుద్ధమగు కల్పన కూడదని హద్దును గీసెను.

అయితే ఈ అనుమతి వెనుక చెప్పబడని ఒక ఊహ కలదు. ప్రేక్షకునకు మూలకథ ముందుగనే తెలిసియుండుననుట ఆ ఊహ. నన్నయ భారతము చదివినవాడు శాకుంతలము చూచునపుడు కల్పన ఎచ్చట మొదలయినదో గుర్తింపగలడు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు శృంగారశాకుంతలమున రెండు కథలను ఎదుట నుంచుకొనియే తన కావ్యమును సంతరించెను. మూలము పదిలముగ నున్నచోట కల్పన మూలమును చెరుపదు. దాని ప్రక్కన నిలుచును. మూలము అందుబాటున లేనిచోట మాత్రము కల్పనయే మూలపు పీఠము నెక్కును. పలనాటి చరిత్ర విషయమున వీరగాథలే ప్రధానాధారము లగుటచే, నాయకురాలు నాగమ్మ యెట్టిదో గాథకారుల పక్షపాతమును దాటి తెలిసికొనుట ఎంత కష్టమో మన పరిశోధకు లెరుగుదురు.

బాలికల విద్యాసంస్థలలోని క్రీడల చరిత్ర ఇట్టి స్థితిలోనిదే. పత్రికలు ఆ పోటీలకు చాలకాలము చోటీయలేదు. విద్యాసంస్థల నివేదికలు, వార్షిక సంచికలు, ఛాయాచిత్రములు బీరువాలలో నుండిపోయినవి. ఆడిన స్త్రీల జ్ఞాపకములు వారితోనే అంతరించుచున్నవి. ఇట్టి విషయముపై వచ్చిన చలనచిత్రము లక్షలమందికి తొలి గ్రంథము, కడపటి గ్రంథము కూడ నగును. కావున రాజుల చరిత్రపై తీసిన చిత్రమున దొర్లిన పొరపాటును శాసనములు సరిదిద్దినట్లు, దీనియందలి పొరపాటును సరిదిద్దునది వేరొకటి సామాన్యజనుని చేతిలో లేదు. ‘ది మైటీ మాక్స్’ను మేము పరీక్షకు గైకొనుటకు కారణ మిదియే. అదృష్టవశమున ఈ చిత్రమునకు మూలమయిన చరిత్ర కొంత లిఖితముగ నున్నది. జూలీ బర్న్ అను విదుషి పూర్వక్రీడాకారిణులను పలువురను కలిసి, వారి మాటలను సేకరించి రచించిన గ్రంథము 2003లోనే వెలువడినది. చిత్రమును చరిత్రతో సరిచూచుటకు వీలు కలదు.

ముందుగా చిత్రకథను సంగ్రహింతము. టిమ్ ఛేంబర్స్ దీనికి దర్శకుడు. కార్లా గుగీనో కథానాయికగ నటించినది. కాలము 1971. పెన్సిల్వేనియా రాష్ట్రమున ఫిలడెల్ఫియా నగరమునకు సమీపమున కేథలిక్ సన్యాసినులు నడపు ఇమాక్యులాటా అను మహిళా కళాశాలకు క్యాథీ రష్ అను యువతి బాస్కెట్‌బాల్ శిక్షకురాలుగ వచ్చును. ఆటకు తగిన భవనము లేదు, ధనము లేదు. కళాశాలయే ఆర్థికముగ ఇక్కట్లలో నున్నది. ఎలెన్ బర్స్టిన్ ధరించిన మఠాధిపతి పాత్రకు మొదట ఆటపై విశ్వాసము లేదు. సిస్టర్ సండే అను యువసన్యాసిని శిక్షకురాలికి తోడ్పడును. బెదరుచున్న బాలికలు క్రమముగ జట్టుగ మారుదురు. శిక్షకురాలు వచ్చిన తొలి సంవత్సరముననే జట్టు జాతీయ విజేత యగును. చిత్రము చూడ ముచ్చటగ నుండును. దురుద్దేశ మెచ్చటను కానరాదు. మన విమర్శ దాని సద్భావముపై గాదు.

ఇక చరిత్ర. జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్ నగరమున బాస్కెట్‌బాల్ ఆటను కల్పించెను. మరుసటి సంవత్సరముననే స్మిత్ మహిళా కళాశాలలో సెండా బెరెన్‌సన్ అను వ్యాయామాచార్యురాలు దానిని తన విద్యార్థినులకు నేర్పెను. బాలికలకు అధికశ్రమ తగదను భావమున ఆమె నియమములను సవరించెను. మైదానమును భాగములుగ విభజించి, ఎవరి భాగమును వారు దాటరాదని నిర్ణయించిరి. ఈ పద్ధతి పలురూపములు పొంది, జట్టునకు ఆరుగురు ఆడు ఆటగ స్థిరపడి, దశాబ్దములు నిలిచినది. కళాశాలల విషయమున అయిదుగురు మైదానమంతటను ఆడు నియమము అధికారికముగ అమలునకు వచ్చినది 1971లో మాత్రమే. ఉన్నత పాఠశాలల బాలికలలో ఆరుగురి ఆట అయోవా రాష్ట్రమున 1993 వరకును, ఓక్లహోమాలో 1995 వరకును సాగినది.

నియమములతోపాటు ఒక విద్యాసిద్ధాంతము కూడ బాలికల ఆటను కట్టివేసినది. 1923లో లూ హెన్రీ హూవర్ అధ్యక్షతన ఏర్పడిన మహిళావిభాగము ఒకటి, విద్యాసంస్థలు ఒండొంటితో గెలుపునకై పోటీపడుటను నిరసించి, అందరును కలిసి వినోదముగ ఆడుటయే ఆదర్శమని బోధించెను. ఆ బోధ దేశమున పెక్కు కళాశాలలలో మహిళల పోటీలను మందగింపజేసినది. ఫిలడెల్ఫియా ప్రాంతపు కేథలిక్ సమాజమున మాత్రము బాలికల బాస్కెట్‌బాల్ ఆగలేదు. చర్చి పరిధిలోని పిల్లల జట్లు, వానిపై ఉన్నత పాఠశాలల జట్లు, వాని మధ్య ఏటేట పోటీలు నడచుచునే యుండెను. సన్యాసినులు ఆ పాఠశాలలలో ఉపాధ్యాయినులు. ఆటలో ఆరితేరిన బాలిక పదునెనిమిదేండ్లకు కళాశాలకు వచ్చునాటికే పది యేండ్ల అనుభవము గలదియై యుండుట అరుదు కాదు.

1920లో స్థాపితమయిన ఇమాక్యులాటా ఆ పాఠశాలల బాలికలు చేరు కళాశాలలలో నొకటి. అచ్చట బాస్కెట్‌బాల్ జట్టు 1939 నాటినుండి కలదు. 1962 మొదలు 1970 వరకు జెనెఫర్ షిల్లింగ్‌ఫర్డ్ శిక్షకురాలుగ నుండెను. 1967లో క్రీడాభవనము దగ్ధమయినది. తరువాత ఆట కొంతకాలము పరుల మైదానములపై ఆధారపడినది. 1970లో షిల్లింగ్‌ఫర్డ్ స్థానమున క్యాథీ రష్ వచ్చెను. అప్పటి కామె యిరువదిమూడేండ్ల యువతి; 1968లో సమీపమున నున్న వెస్ట్ ఛెస్టర్ కళాశాలలో చదువు ముగించినది. ఆమెకు లభించిన జీతము క్రీడాసంవత్సరమునకు 450 డాలర్లు. ఆ తొలి సంవత్సరమున జట్టు పండ్రెండు ఆటలలో పది గెలిచినది. జాతీయ విజయము రెండవ సంవత్సరమున, అనగా 1972 మార్చిలో లభించినది.

ఆ విజయపు తీరును కూడ తెలియవలెను. కార్డినల్ ఒహారా ఉన్నత పాఠశాలనుండి వచ్చిన థెరీసా షాంక్ ఆ జట్టునకు మూలస్తంభము. ఇల్లు కాలిపోవుటచే దూరముగ పోక, ఇంటికి చేరువయని ఆమె ఇమాక్యులాటాలో చేరినది. అనగా ఒక అగ్నిప్రమాదము కళాశాలకు క్రీడాభవనమును పోగొట్టగా, మరియొకటి గొప్ప క్రీడాకారిణిని తెచ్చిపెట్టినది! 1972లో ప్రాంతీయ పోటీ చివరి ఆటలో ఇమాక్యులాటా వెస్ట్ ఛెస్టర్ చేతిలో 32 పాయింట్ల తేడాతో ఓడెను. ఆ యేడు వారు ఓడినది ఆ ఒక్క ఆటయే. జాతీయ పోటీ ఇలినాయి రాష్ట్రమున నార్మల్ అను ఊర జరిగెను. పాల్గొన్న పదునారు జట్లలో ఇమాక్యులాటాకు ఇచ్చిన స్థానము పదునైదవది. ప్రయాణమునకు ధనము చాలక ఎనిమిదిమంది క్రీడాకారిణులు మాత్రమే పోయిరి. వారు గతసంవత్సర విజేతను దాటి, చివరి ఆటలో ఆ వెస్ట్ ఛెస్టర్‌నే 52–48 పాయింట్లతో ఓడించిరి.

ఇపుడు కల్పితాంశములను పరీక్షింతము. వీనిని మేము మూడు తెగలుగ విభజించుచున్నాము.

మొదటి తెగ పాత్రకల్పన. సిస్టర్ సండే అను సహాయిక చరిత్రలో లేదు. క్రీడాకారిణుల పాత్రలకు కల్పితనామము లీయబడినవి. ఇది దోషము కాదని మా అభిప్రాయము. బ్రదికియున్న స్త్రీల వ్యక్తిగత జీవితమును తెరకెక్కించుటకంటె పేరు మార్చుటయే మర్యాద. పేరు మారినది గనుక ప్రేక్షకుడును ఆ పాత్రను చరిత్రపురుషునివలె నమ్మవలసిన పని లేదు. ఈ మార్గమునే పూర్తిగ నవలంబించిన చిత్రము కలదు. 2006 నాటి ‘బిలీవ్ ఇన్ మీ’ ఓక్లహోమాలోని సేయర్ అను ఊరి బాలికల బాస్కెట్‌బాల్ జట్టు కథ. హెరల్డ్ కీత్ నవలను అనుసరించిన ఆ చిత్రమున ఊరికే మిడిల్‌టన్ అని పేరు మార్చిరి. కల్పన తాను కల్పన నని ఒప్పుకొన్నపుడు చరిత్రకారునకు తగవు లేదు.

రెండవ తెగ కాలసంకోచము. రెండు సంవత్సరముల పని ఒక సంవత్సరముగ చూపబడినది. నాటకకర్తలకు ఇది నిత్యకృత్యము. అనేకదినముల వృత్తాంతమును అంకముల మధ్య అణచివేయుటకే విష్కంభ ప్రవేశకము లేర్పడినవి గదా. అయితే కాలమును కుదించుటకును, ఉన్న కాలమును లేదనుటకును భేదము కలదు. విష్కంభము గడచిన కాలమును సూచించును, దాచదు. ఇచ్చట దాచబడిన దేమి? పండ్రెండింట పది గెలిచిన తొలి సంవత్సరము. ఆ సంవత్సరము ఉన్నచో, జట్టు ముందునుండియు సమర్థమే యని తెలియును. లేనిచో, అశక్తులయిన బాలికలను ఒక శిక్షకురాలు ఒక్క యేట విజేతలుగ మార్చెనని తోచును. పంచాంగమున కలిగిన ఈ చిన్న మార్పు బాలికల సామర్థ్యమును గూర్చిన తీర్పును మార్చివేసినది.

మూడవ తెగ కారణముల మార్పు. మా దృష్టిలో ప్రధానదోష మిదియే. చిత్రమున కథ శూన్యమునుండి మొదలగును. 1939 నాటినుండి ఆడిన జట్లకు ఇందు చోటు లేదు. ఎనిమిదేండ్లు శిక్షణ నిచ్చిన పూర్వశిక్షకురాలికి చోటు లేదు. బాలికలు పాఠశాలలలో నేర్చివచ్చిన ఆట కథకు కారణముగ నిలువదు. వీనితోపాటు పోటీ యొక్క పుట్టుక కూడ మరుగుపడినది. జాతీయపోటీ ఆకాశమునుండి ఊడిపడలేదు. వెస్ట్ ఛెస్టర్ శిక్షకురాలు క్యారొల్ ఎక్‌మన్ 1969లో పదునారు జట్లను ఆహ్వానించి మొదటి జాతీయస్థాయి మహిళా కళాశాలాపోటీని నడపెను. మహిళా వ్యాయామాచార్యులు 1971లో ఏ.ఐ.ఏ.డబ్ల్యు. అను సంఘమును స్థాపించుకొనిరి. ఆ సంఘపు తొలి బాస్కెట్‌బాల్ పోటీయే 1972 నాటిది. అనగా ఇమాక్యులాటా గెలిచిన పోటీ వారి ప్రతిపక్షి యయిన వెస్ట్ ఛెస్టర్ శిక్షకురాలి చొరవనుండి పెరిగినది. ప్రతినాయకస్థానమున నిలుపదగిన జట్టే నాయికకు రంగస్థలమును నిర్మించియిచ్చినదన్నమాట! ఏ కవియు కల్పింపజాలని ఈ అంశము చరిత్రలో నుండగా, చిత్రము దానిని వాడుకొనలేదు.

మూడు తెగలను కలిపి చూచినచో ఒక సూత్రము గోచరించును. మార్పులు యాదృచ్ఛికములు కావు. అన్నియు ఒకే దిక్కునకు పోవుచున్నవి. పలువురి పని ఒకరికి, పలుసంవత్సరముల పని ఒక సంవత్సరమునకు, సంస్థల పని వ్యక్తికి మార్చబడుచున్నది. పురుషుల క్రీడాచిత్రములును ఇట్లే చేయును గదా యనవచ్చును. నిజమే. కాని పురుషుల క్రీడలకు సంఘములు, మైదానములు, పత్రికలు, ధనము కలవని ప్రేక్షకునకు చిత్రముతో పనిలేకయే తెలియును. బాలికల క్రీడలకు అట్టి ఆధారము లుండెనని అతడు ఎచ్చటను వినియుండడు. కావున నాయిక వచ్చువరకు అచ్చట ఏమియు లేదని చెప్పినచో నమ్మును. బాలికలు ఎన్నడును ఆడలేదు, వారికి ఎవరో వచ్చి నేర్పవలసినదే యను పాతభావమునకు, స్త్రీల విజయమును కీర్తింపబూనిన చిత్రమే సాక్ష్యమిచ్చినట్లయినది.

న్యాయముగ చెప్పవలెనన్నచో, చిత్రమునకు ఆధారముగ నిలిచిన వాస్తవములును బలమయినవే. అల్పమగు జీతము నిజము. బాలికలు ఉన్ని గౌనులు ధరించి ఆడుట నిజము. సన్యాసినులు ప్రేక్షకస్థానములలో కూర్చుండి జట్టును ఉత్సాహపరచుట, బకెట్లను వాయించి హోరెత్తించుట ఇమాక్యులాటా చరిత్రలో ప్రసిద్ధము. ధనమునకై క్రీడాకారిణులు పండ్లు తోముకొను బ్రష్షుల నమ్ముటయు కల్పన కాదు. వస్త్రములు, వస్తువులు, శబ్దములు అను బాహ్యాంశములయందు శ్రద్ధ చూపు చిత్రములు పెక్కు. ఔచిత్యమును సర్వాంగములయందు పరీక్షింపవలెనని క్షేమేంద్రుడు చెప్పెను. చలనచిత్రమున ఆహార్యౌచిత్యము కుదిరినను హేతువునందలి ఔచిత్యము తప్పవచ్చునని దీనివలన తెలియుచున్నది. ఆహార్యము సరిగ నున్నచో ప్రేక్షకుడు తక్కినది కూడ సత్యమని విశ్వసించును గనుక, అట్టి చిత్రమున హేతుదోషము మరింత హానికరము.

కథను ఎచ్చట ముగించుట యనునది కూడ చరిత్రవిషయమే. చిత్రకథ 1972 విజయముతో ముగియును. 1973, 1974 సంవత్సరములలోను ఇమాక్యులాటాయే గెలిచినది. 1975 ఫిబ్రవరిలో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో క్వీన్స్ కళాశాలతో వారు ఆడిన ఆటకు సుమారు 12,000 మంది ప్రేక్షకులు వచ్చిరి. అయినను ఆ యేడును, 1976లోను చివరి ఆటలో లూసియా హారిస్ ఆడిన డెల్టా స్టేట్ జట్టు చేతిలో ఓడిరి. 1977లో క్యాథీ రష్ శిక్షకపదవిని విడిచెను. తరువాత ఆ చిన్న కళాశాల జాతీయస్థాయిలో మరల తలయెత్తలేదు.

ఇట్లేల జరిగినది? 1972 జూన్ 23వ తేదీన, అనగా నార్మల్ విజయమునకు మూడు నెలల పిమ్మట, విద్యలో స్త్రీపురుషవివక్షను నిషేధించు ‘టైటిల్ నైన్’ చట్టము అమెరికాలో వెలువడినది. 1973లో ఏ.ఐ.ఏ.డబ్ల్యు. తన నియమమును మార్చి, క్రీడాకారిణులకు ఆటలకై విద్యార్థివేతనము లిచ్చుటకు అనుమతించెను. గొప్ప విశ్వవిద్యాలయములు ధనము వెచ్చింపసాగెను. బాలికలకు లక్షలుగ ఆటస్థలములు తెరచిన ఆ మార్పే, బకెట్లు వాయించి, బ్రష్షు లమ్మి జట్టును నడపిన మహిళా కళాశాలల ప్రాభవమును ముగించినది. 1982లో పురుషుల క్రీడలను శాసించు ఎన్.సి.ఏ.ఏ. సంఘము మహిళల పోటీని తానే నడపుటతో, స్త్రీలు కట్టుకొన్న ఏ.ఐ.ఏ.డబ్ల్యు. అంతరించినది. ఆ సంఘపు కడపటి బాస్కెట్‌బాల్ పోటీలో, 1982లో, గెలిచిన రట్గర్స్ జట్టునకు శిక్షకురాలు పూర్వపు థెరీసా షాంక్. తొలిపోటీని క్రీడాకారిణిగ గెలిచినది, కడపటి పోటీని శిక్షకురాలుగ గెలిచినది! ఆమె తోటిక్రీడాకారిణి మేరియన్ క్రాఫర్డ్ ఓల్డ్ డొమీనియన్ జట్టునకు శిక్షకురాలై 1979, 1980, 1985 సంవత్సరములలో జాతీయవిజయములు చేకూర్చెను. జట్టు పోయినను దాని విద్య శిష్యపరంపరగ నిలిచినది. ఇమాక్యులాటా 2002లో విశ్వవిద్యాలయమయి, 2005నుండి యువకులనుగూడ చేర్చుకొనినది. విజయమునందలి ఈ విషాదచ్ఛాయ లేనిచో 1972 కథ అద్భుతముగనే మిగులును, చరిత్ర కానేరదు.

రెండు గంటల చిత్రమున ఇవన్నియు ఎట్లు చెప్పుదురని ఆక్షేపింపవచ్చును. అన్నియు చెప్పవలెనని మేమనుట లేదు. చెప్పనిదానికి విరుద్ధముగ చెప్పరాదనుచున్నాము. గోడపై పూర్వజట్ల ఛాయాచిత్రములు కొన్ని చూపవచ్చును. తొలి సంవత్సరపు లెక్కను ఒక పాత్రచేత ఒక వాక్యమున పలికింపవచ్చును. వెస్ట్ ఛెస్టర్ శిక్షకురాలు ఈ పోటీని ఎట్లు ఆరంభించెనో ఒక సంభాషణలో తెలుపవచ్చును. వీనివలన రసభంగము కలుగదు. వీరము మరింత గాఢమగును. శూన్యమునుండి వచ్చిన గెలుపుకంటె మూడు దశాబ్దములు ఎవరును చూడకయే ఆడినవారి వారసుల గెలుపు గంభీరతరము గదా.

మన దేశపు చిత్రముల యందును ఈ సూత్రమే వర్తించుచున్నది. ‘దంగల్’ చిత్రమున 2010 ఢిల్లీ కామన్‌వెల్తు క్రీడలలో గీతా ఫోగాట్ ఆడిన చివరి కుస్తీ మూడవ విడతలో కడపటి క్షణములవరకు సాగును. ఆమె తండ్రి ఒక గదిలో బంధింపబడియుండును. వాస్తవమున ఆమె ఆస్ట్రేలియా క్రీడాకారిణిని వరుసగ రెండు విడతలలో 1–0, 7–0 పాయింట్లతో ఓడించెను. తండ్రిని బంధించుట జరుగలేదు. శిక్షకుని పాత్రను కల్పితనామముతో ప్రతినాయకునిగ చేసిరి. ఆనాటి జాతీయశిక్షకుడు దీనికి బహిరంగముగ అభ్యంతరము తెలిపెను. సులభముగ గెలిచిన స్త్రీని కష్టముతో గెలిచినదానిగ చూపుట కథకు ఉత్కంఠ నిచ్చును, నిజమే. కాని ఆమె ఆనాడు ప్రతిపక్షికంటె ఎంత మిన్నయో ఆ సత్యము పోయినది. ఇచ్చటను మార్పు పోయిన దిక్కు ఒకటే: క్రీడాకారిణి సామర్థ్యము తగ్గి, ఆమెను తీర్చినవాని ఘనత పెరిగినది.

ఈ విచారము మన శాఖలవారికి ఏల యని కొందరికి సందేహము కలుగవచ్చును. తెలుగు నేలను పుట్టిన క్రీడాకారిణుల కథలును తెరకెక్కు కాలము వచ్చినది. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో బరువు లెత్తి కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయమహిళ యయిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లావాసి. ఆమె జీవితముపై చిత్రము తీయు ప్రయత్నము 2020లో ప్రకటింపబడినది. ఆమె వెనుక ఒక పల్లెటూరి వ్యాయామశాల కలదు, నీలంశెట్టి అప్పన్న అను గురువు కలడు, బరువు లెత్తిన తోబుట్టువులు కలరు. అట్టి కథను ఎవరు చిత్రించినను, ఆ వ్యాయామశాల ముందుగనే గ్రంథస్థమై యున్నచో కల్పన దాని ప్రక్కన నిలుచును. లేనిచో కల్పనయే దాని స్థానము నాక్రమించును.

కావున పరిశోధక విద్యార్థులకు మేము చూపు పని స్పష్టము. మన బాలికోన్నత పాఠశాలల, మహిళా కళాశాలల వార్షిక సంచికలను, ఆటల రిజిస్టర్లను, బహుమతుల పట్టికలను వెదకి నకలు తీయవలెను. ఖో-ఖో, కబడ్డీ, వాలీబాల్ ఆడిన వృద్ధస్త్రీల మాటలను వారి నుడికారముతోనే వ్రాసికొనవలెను. వ్యాయామోపాధ్యాయినుల పేర్లను, వారు పనిచేసిన సంవత్సరములను నిర్ధారింపవలెను. ఆటలలో వారు వాడిన పదములు భాషాశాస్త్రమునకును పనికివచ్చును. జూలీ బర్న్ ఒక్కతె ఒక కళాశాలకు చేసిన పనిని మనలో పదుగురు పది ఊళ్లకు చేయుట అసాధ్యము కాదు. కాళిదాసు శాపమును కల్పింపగలిగినది, భారతము చెక్కుచెదరక యుండుటవలననే. కళాకారుని స్వేచ్ఛకు చరిత్రకారుని జాగరూకతయే రక్ష. ముందుగా భారతమును వ్రాసిపెట్టుదము. శాకుంతలములు తరువాత వచ్చునుగాక.